మొహమాటానికి వేలాడే బొత్తాలు

మా కటింగ్ మాస్టారి కంట వదులు బొత్తాం పడకూడదు. పడిందా, ఆ చొక్కా ఎవరిదన్నది ఆయనకి అనవసరం. బస్సులో పక్కన నిలబడ్డవాడిదైనా, తన నాడి చూస్తున్న డాక్టరుదైనా, ఫొటో కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డ పెళ్ళికొడుకుదైనా ఒకటే. చెయ్యి చాచి ఆ బొత్తాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంటారు. ఒకసారి అటూ ఇటూ తిప్పుతారు. "ఇది కుట్టా, మొహమాటమా?" అని గద్దిస్తారు. ఆయన కాలరు మడతలో ఎప్పుడూ ఒక సూది దాక్కుని ఉంటుంది. చొక్కా తాలూకు మనిషి తేరుకునేలోపే అది బయటికొచ్చి, పని పూర్తిచేసుకుని, మళ్ళీ మడతలోకి వెళ్ళిపోతుంది. కుడుతున్నంతసేపూ తిట్లు.

కోపం మనకి వానలా వస్తుంది, కురిసి వెళ్ళిపోతుంది. మాస్టారికి అది చెమ్మ. గోడలో ఉంటుంది. ఎండాకాలంలోనూ ఉంటుంది.

ఇంత చేసీ ఆయన కోటుకి పైనుంచి రెండో బొత్తాం ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. "అది కుట్టుకోవచ్చుగా మాస్టారూ?" అని ఒకసారి అడిగి తప్పుచేశాను. "కుట్టుకోవాలంటే కోటు విప్పాలి. విప్పి తలొంచుకుని కూర్చుంటే ఎదురుగా వెళ్ళేవాళ్ళ బొత్తాలు ఎవరు చూస్తారు? నువ్వు చూస్తావా? నీ కళ్ళకి కాయితాలు తప్ప ఏమన్నా కనపడతాయా?" అన్నారు.

నేను కొనుగోళ్ళ విభాగంలో గుమాస్తాని. నిజమే, నాకు కాయితాలే కనపడతాయి. అయినా ఆ మాటకి నాకు కోపం వచ్చింది. ఆ తర్వాత ఆయన మీద ఇంకా పెద్ద కోపం ఒకటి వచ్చింది. ఇదంతా రాయడం దానికోసమే. దాని కారణం ఒక గడియారం.

మాది చంటిపిల్లల బట్టలు కుట్టే ఫ్యాక్టరీ. కింది అంతస్తులో కటింగు, అంటే మాస్టారి రాజ్యం. పై అంతస్తులో కిటికీ పక్కన పొడుగాటి బల్ల. దాన్ని బొత్తాల బల్ల అంటారు. తొమ్మిదిమంది ఆడవాళ్ళు అక్కడ కూర్చుని, వేలెడేసి చొక్కాలకి గోరంత బొత్తాలు చేత్తో కుడతారు. ఉదయం పూట కిటికీలోంచి ఎండ వచ్చి రేకు పళ్ళాల్లోని బొత్తాల మీద పడితే, గోడ మీద వెలుగు చేపపిల్లల్లా ఈదుతుంది. అలాంటి సమయం చూసుకునే మాస్టారు మెట్లెక్కి వస్తారు తిట్టడానికి.

"ఇది పాలు తాగే పిల్ల చొక్కా! దీనిమీద ఈ నెత్తురు చుక్క ఏమిటి?"

తొమ్మిదిమందికీ పెద్ద, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ, తలెత్తకుండా జవాబిచ్చేది. "సూది గుచ్చుకుంటే నెత్తురు రాక తేనె వస్తుందా మాస్టారూ?"

"గుచ్చుకోకుండా కుట్టాలి!"

"అలాగే. రేపట్నుంచి సూది లేకుండా కుడతాం."

రోజూ ఇంతే. ఒక్కోసారి మెషిన్ల చప్పుడు కంటే వీళ్ళ చప్పుడే ఎక్కువ.

ఒకరోజు యజమాని మా ఇద్దర్నీ పిలిచి, దూరదేశంలో ఒక నగరం ఉందనీ, అక్కడి కంపెనీవాళ్ళు బొత్తాలు కుట్టే యంత్రం చేస్తున్నారనీ చెప్పారు. "వెళ్ళి చూడండి. బాగుందని మాస్టారు కాయితం మీద సంతకం పెడితే చాలు, కొనేద్దాం. ఆ బొత్తాల బల్ల తీసేసి కిటికీ దగ్గర యంత్రం పెడదాం." బల్లతోపాటు ఇంకేం తీసేస్తారో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

పై అంతస్తుకి ఆ కబురు మాకంటే ముందే చేరింది. మేం బయల్దేరే రోజున పెద్దక్క మెట్ల దగ్గర మాస్టారికి అడ్డం నిలబడింది. "యంత్రం బాగుంటే బాగుందనే చెప్పండి మాస్టారూ. మాకోసం అబద్ధాలు ఆడొద్దు. ఒక్కసారి గట్టిగా లాగి మాత్రం చూడండి."

"లాగడం గురించి నాకు నేర్పుతున్నావా? తప్పుకో! ముందు నీ రవిక చేతికి బొత్తాం చూసుకో!"

ఆవిడ చూసుకుంది. బొత్తాం గట్టిగానే ఉంది. మాస్టారు అప్పటికే మెట్లు దిగిపోయారు.

నేను వెళ్ళింది దుబాసీగా. అక్కడి వ్యాపారాల్లో మాట్లాడే భాష నాకు కొంచెం వచ్చు. మనసులో మాట చెప్పాలంటే నేను వెళ్ళింది ఆ నగరం చూడ్డానికి. అక్కడ ఒక పాత గడియార స్తంభం ఉంది. మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి, రోజుకి ఒక్కసారి, దాని తలుపులు తెరుచుకుని ఇత్తడి బొమ్మలు బయటికొచ్చి గుండ్రంగా తిరుగుతూ డప్పు కొడతాయి. మా అమ్మాయికి ఏడేళ్ళు. దాని వీడియో తీసుకొస్తానని మాటిచ్చాను. ఆ పిల్ల వారంరోజులుగా గరిటెతో పళ్ళెం వాయిస్తూ ఇల్లంతా తిరుగుతోంది. పైగా నా జేబులో మా ఆవిడ రాసిచ్చిన జాబితా. అమ్మాయికి ఎర్ర కోటు, అత్తగారికి మెత్తటి చెప్పులు, మామగారికి ఒక్క మీట నొక్కితే విచ్చుకునే గొడుగు, చివర్లో గీతగీసి "నాకేం వద్దు" అని. ఆ నాలుగో వస్తువే అన్నిటికంటే కష్టమైనదని పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నా దురదృష్టం విమానం దిగగానే మొదలైంది. పాస్‌పోర్టులు చూసే అధికారి అద్దాల గదిలో కూర్చున్నాడు. రాయిలాంటి మొహం.

"ఏ పనిమీద వచ్చారు?" అన్నాడు.

నేను "వ్యాపారం" అనేలోపే మాస్టారి చెయ్యి అద్దం కింది సందులోంచి లోపలికి వెళ్ళి అతని చొక్కా ముంజేతి బొత్తాన్ని పట్టుకుంది.

"ఏమోయ్ గుమాస్తా, చూశావా? మొహమాటానికి వేలాడుతోంది!"

అధికారి లేచాడు. ఇంకో ఇద్దరు అధికారులు పరుగెత్తుకొచ్చారు. మమ్మల్ని కిటికీ లేని గదిలో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఎందుకు పట్టుకున్నాడో చెప్పమన్నారు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. నిజం అంత అబద్ధంలా వినిపించడం నా జీవితంలో అదే మొదలు. చివరికి ఆ రాయిమొహం అధికారే తన ముంజెయ్యి ఎత్తి చూసుకున్నాడు. బొత్తాం ఊడి నేలమీద పడి, దొర్లుకుంటూ వచ్చి మాస్టారి బూటు దగ్గర ఆగింది.

ఆ గదిలోనే, ఇద్దరు కాపలావాళ్ళ మధ్య కూర్చుని, మాస్టారు దాన్ని కుట్టారు. సూది విమానంలోకి ఎలా తెచ్చారని వాళ్ళు అడగలేదు. నేనూ చెప్పలేదు.

మర్నాడు యంత్రం చూశాం. ఆ కంపెనీ పెద్దమనిషి మొహమ్మీద ఒక చిరునవ్వు ఉంది. మేం లోపలికి వెళ్ళినప్పుడు ఎంత ఉందో బయటికొచ్చినప్పుడూ అంతే ఉంది. మధ్యలో టీ తాగినప్పుడు కూడా తగ్గలేదు. చిరునవ్వుగారు అని నేను లోపల్లోపలే పేరు పెట్టుకున్నాను. ఆయన మీట నొక్కాడు. బొత్తాం, గుడ్డ, టకటకా మూడు సెకన్లు. కుట్టేసింది. దానికి కొక్కెం తగిలించి బరువు వేలాడదీశాడు. ఊడలేదు. ఇంకో బరువు. ఊడలేదు. వంద బొత్తాలు కుట్టించి చూపించాడు. వందా రాళ్ళలా కూర్చున్నాయి.

మాస్టారు తిట్టలేదు. ఆయన తిట్టకపోవడం ఎంత భయంకరంగా ఉంటుందో ఆరోజే తెలిసింది. ఒక బొత్తాం తీసుకుని గుడ్డ తిరగేసి, కుట్టు వెనకవైపు చాలాసేపు చూశారు.

"కొత్తవి బాగానే ఉన్నాయి," అన్నారు చివరికి. "నెల్లాళ్ళు వేసుకున్న బట్ట మీద ఎలా ఉందో చూడాలి. ఎల్లుండి పొద్దున చెబుతానని చెప్పు."

చెప్పాను. చిరునవ్వుగారు తలూపాడు. "తప్పకుండా. రేపు మా కంపెనీకి సెలవే కదా, మా నగరం చూడండి. ఇక్కడ అమ్మే ప్రతి పది కోట్లలో ఆరు మా యంత్రం కుట్టినవే."

"ఎంతన్నాడు?"

"పదిలో ఆరు, మాస్టారూ."

"ఇంకోసారి అడుగు."

"పదిలో ఆరే."

నేను సెలవన్న మాట దగ్గరే ఆగిపోయాను. నా చెవుల్లో అప్పటికే డప్పు మోగుతోంది.

పొద్దున ఎనిమిదింటికి బయటపడ్డాం. రాత్రి వాన పడి వెలిసింది. రాళ్ళు పరిచిన వీధులు తడిగా, నల్లగా, అప్పుడే పలక తుడిచినట్టున్నాయి. ట్రాము తీగల మీద నీటిచుక్కలు వరసగా నిలబడి ఎండ కోసం చూస్తున్నాయి. ఇలాంటి ఉదయం ఒకటి మన జీవితంలోకి వస్తే దాన్ని మెల్లిగా, రెండు చేతులతో అందుకోవాలనిపిస్తుంది. నేను అందుకోబోతుండగా మాస్టారు ట్రాములో డ్రైవరు కోటు వెనకపట్టీ బొత్తాన్ని పట్టుకున్నారు. తర్వాతి స్టాపులో మమ్మల్ని దింపేశారు.

"నడుద్దాం," అన్నారు మాస్టారు, నేనే దింపించినట్టు చూస్తూ.

పెద్ద బట్టల దుకాణంలో ఎర్ర కోటు దొరికింది. సరిగ్గా మా అమ్మాయి కొలత. దానిమ్మగింజ రంగు. అది కట్టి ఇమ్మని చెప్పడానికి నేను నోరు తెరిచాను. మాస్టారు దాన్ని నా చేతుల్లోంచి లాక్కుని లోపలివైపు బయటికి తిప్పారు. బొత్తాం వెనక పట్టుకుని వెతికారు. వెంట్రుకంత దారం కొస ఒకటి దొరికింది. దాన్ని లాగారు. సర్రుమని మొత్తం దారం వచ్చేసింది, బొత్తాం టప్పున కౌంటరు మీద పడింది.

కౌంటరు వెనకున్న అమ్మాయి కేక పెట్టింది.

"ఇది కుట్టా, మొహమాటమా? సిగ్గుండాలి! చిన్నపిల్ల కోటు! ఎవడి చేతులివి? చేతులా, చెంచాలా? జరుగు, ఆ స్టూలివ్వు!" అని ఆ అమ్మాయి స్టూలు మీదే కూర్చుని మాస్టారు సూది తీశారు.

"ఈయన ఏమంటున్నారు?" అని ఆ అమ్మాయి నన్నడిగింది.

"మీ దుకాణం చాలా బాగుందంటున్నారు."

"అంత కోపంగానా?"

"మా భాష అలాగే ఉంటుందండీ."

కోటుకున్న ఆరు బొత్తాలూ లాగి ఆరూ మళ్ళీ కుట్టారు. లాగిన దారాలు పారేయకుండా కళ్ళజోడు డబ్బాలో దాచుకున్నారు. ఆయన పిచ్చిలో అదొక కొత్త రకం అనుకున్నాను. తర్వాత పక్కన వేలాడుతున్న కోట్లవైపు తిరిగారు. అవి కొనడానికి కాదు. నేను చేతులు పట్టుకుని లాగాను. ఆయన చెయ్యి వదిలించుకున్నారు. ఎర్ర కోటుకి డబ్బు కట్టి ఆ దుకాణంలోంచి మేం బయటపడేసరికి పావుతక్కువ పది.

మ్యూజియం మెట్ల దగ్గర ద్వారపాలకుడి ఎర్ర కోటుకి రెండు వరసల ఇత్తడి బొత్తాలు. మాస్టారు వాటిని చూసిన చూపు నాకు గుర్తుంది. ఆకలిగొన్నవాడు హోటలు అద్దంలోంచి చూసే చూపు. నేను టిక్కెట్ల కోసం వెళ్ళి వచ్చేలోపు ఆ ద్వారపాలకుడు ఒక చేత్తో తన కోటు పట్టుకుని, ఇంకో చేత్తో మమ్మల్ని వీధి చూపిస్తున్నాడు. లోపలున్న నాలుగొందల ఏళ్ళ బొమ్మల్ని నేను చూడలేదు. టిక్కెట్టు వెనకాల ఒకదాని ఫొటో ఉంది, అది చూశాను.

పదకొండింటికి ఒక సన్నటి సందులో సూదులూ దారాలూ అమ్మే చిన్న దుకాణం కనపడింది. అద్దం వెనక దారపు ఉండలు అన్ని రంగుల్లోనూ, సాయంకాలం ముక్కలు చేసి సర్దినట్టు. మాస్టారు లోపలికి దూరారు.

"మాస్టారూ, పన్నెండింటికి గడియారం! ఇక్కడ్నుంచి అరగంట నడక!"

"అరుస్తావెందుకు? రెండు నిమిషాలు."

నలభై నిమిషాలు. దర్జీలు సూది నెట్టడానికి వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీలు ఉంటాయి కదా, అవి పెట్టెల కొద్దీ కౌంటరు మీద పోయించారు. లోపలి జేబులోంచి ఒక దారం తీశారు. దానికి అక్కడక్కడా చిన్న చిన్న ఉచ్చులు, ఒక్కో ఉచ్చు దగ్గర ఒక్కో రంగు పోగు. ఆ ఉచ్చుల్ని ఒక్కో టోపీకి తొడిగి చూసి, "వదులు!", "బిగువు!", "దీన్ని చేసినవాడికి వేళ్ళున్నాయా అసలు?" అని ముసలి దుకాణదారుమీద విరుచుకుపడుతున్నారు. ఆ ముసలాయన తన భాషలో అంతకంటే గట్టిగా అరుస్తున్నాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, ఇద్దరూ ఒకటే తిడుతున్నారని నాకు అర్థమైంది. నేను బయట ఫుట్‌పాత్ మీద నిలబడి పళ్ళు కొరుక్కున్నాను. అది మాటవరసకి అన్నది కాదు, రాత్రికి దవడ నొప్పి పుట్టింది.

అక్కడ్నుంచి పరుగెత్తాం. నేను ముందు, మాస్టారు వెనక, ఆయన రెండో బొత్తాం గాలిలో ఊగుతూ. గడియారం కూడలి చేరేసరికి పన్నెండుకి రెండు నిమిషాలు. వందలమంది. అందరూ తలలు పైకెత్తి ఉన్నారు. పావురాలు కూడా కదలడంలేదు. నేను ఫోను పైకెత్తి వీడియో మొదలుపెట్టాను. మొదటి గంట మోగింది. ఆకాశంలో ఎక్కడో తలుపు కిర్రుమంది.

"ఏమోయ్ గుమాస్తా, ఈ చివర పట్టుకో."

"మాస్టారూ, ఇప్పుడు కాదు!"

"పట్టుకోమంటే! ఈవిడ కోటు మొత్తం విచ్చుకుపోతోంది, చలిలో!"

నా చెయ్యి ఎవరో కిందికి లాగారు. చూస్తే నా వేళ్ళ మధ్య ఒక దారం కొస ఉంది. నా పక్కన ఒక ముసలావిడ, ఆవిడ ముందు మోకాళ్ళ మీద మాస్టారు. ఆవిడ పైకి చూస్తోంది. ఇంకా ఏమీ తెలియదు. నేను వదిలేస్తే దారం చిక్కుపడుతుంది, ఆయన కూడలి అదిరిపోయేలా అరుస్తారు. నేను పట్టుకున్నాను. నా తలమీద పన్నెండు గంటలు మోగాయి. డప్పు మోగింది. జనం "ఆహా" అన్నారు. తలుపులు మూసుకున్నాయి.

నా వీడియోలో ఏముందో చెబుతాను. ఒక నిమిషం నలభై సెకన్లపాటు మాస్టారి బట్టతల. వెనకనుంచి డప్పు.

అందరూ గడియారానికేసి చప్పట్లు కొట్టారు. ముసలావిడ మాత్రం కిందికి చూసుకుని, బొత్తాన్ని ఒకసారి గట్టిగా లాగి, మావైపు తిరిగి కొట్టింది.

నేను ఇక ఆపుకోలేకపోయాను. "మీకు పిచ్చి మాస్టారూ! మామూలు పిచ్చి కాదు, సూదిమందుకి లొంగని పిచ్చి! నా కూతురికి మాటిచ్చాను. మళ్ళీ ఈ నగరం నా మొహం చూస్తుందా? మీ బొత్తాలు తగలెయ్య! మీతో వచ్చినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి!"

ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. "అయిందా? సరిగ్గా కోప్పడటం కూడా రాదు నీకు. అన్నీ ఒకేసారి కక్కేస్తావు." కళ్ళజోడు డబ్బాలో ఇంకో దారం దాచుకుని, "పద, చేపల మార్కెట్టు వైపు జనం ఎక్కువట," అన్నారు.

ఆ తర్వాత నేను పదడుగుల దూరంలో నడిచాను. నదిమీద ఆఖరి షికారు పడవ మాకు వీపు చూపించి వెళ్ళిపోయింది. సాయంత్రపు వెలుగు నీళ్ళలో పడి కొంతసేపు తేలి మునిగింది. అంత అందం ముందు అంత కోపంతో నిలబడటం కూడా ఒక శిక్షే. అత్తగారి చెప్పులు లేవు. మామగారి గొడుగు లేదు. "నాకేం వద్దు" సంగతి నేను ఆలోచించే ధైర్యం చేయలేదు. మాస్టారు మాత్రం నేను లేకపోయినా తెలుగులోనే దారినపోయే వాళ్ళని ఆపి తిడుతున్నారు. వాళ్ళు బుద్ధిగా నిలబడి కుట్టించుకుంటున్నారు.

మర్నాడు పొద్దున కంపెనీ గదిలో చిరునవ్వుగారు కాయితం, కలం ముందు పెట్టాడు. "ఇక సంతకమే కదా?"

మాస్టారు కళ్ళజోడు డబ్బా తెరిచి బల్లమీద బోర్లించారు.

నలుపు, నీలం, గోధుమరంగు, దానిమ్మగింజ ఎరుపు. ముడతలు ముడతలుగా ఉన్న దారాలు, పిట్ట విడిచివెళ్ళిన గూడులా ఒక గుత్తి.

"చెప్పవోయ్. నిన్న చూసిన ప్రతి కోటుదీ ఒక్కో దారం. ఒక్కటీ తెగలేదు. చూడమను. మొదలునుంచి చివరిదాకా పోగు పోగంతా ఊడి వచ్చింది. ఎందుకంటే ఈ యంత్రం ఒకే దారంతో గొలుసులా అల్లుతుంది. బరువు కడితే ఆగుతుంది. కొస దొరికితే మాత్రం మొత్తం జారిపోతుంది. నాలుగు ఉతుకులకి కొస దానంతటదే బయటికొస్తుంది."

నేను ఆ గూడుకేసి చూస్తూ ఉండిపోయాను. ఎనిమిదింటినుంచి చీకటిపడేదాకా నా కళ్ళముందు జరిగింది అదన్నమాట. పదిలో ఆరు. ఆయన ఆ ఆరింటినీ వెతుక్కుంటూ నగరమంతా తిరిగారు. విప్పిన ప్రతిదాన్నీ తిరిగి కుట్టి వదిలారు.

చిరునవ్వుగారు అన్నాడు, "అవి ఎవరో సరిగ్గా కుట్టించనివి అయ్యుంటాయి."

మాస్టారు లేచివెళ్ళి అతని కోటు అంచు తిరగేసి, కొస పట్టుకుని లాగారు. బొత్తాం బల్లమీద పడి గిర్రున తిరిగింది. అది ఆగేసరికి చిరునవ్వు కూడా ఆగింది.

"పెద్దవాళ్ళ కోటుకి ఊడితే జేబులో వేసుకుంటారు. మేం కుట్టేది చంటిపిల్లలకి!" మాస్టారి గొంతు గదిలో అద్దాల్ని తాకింది. "వాళ్ళకి చేతికి ఏది దొరికితే అది నోట్లోకే! గొంతుకి అడ్డం పడితే నువ్వొచ్చి తీస్తావా? నీ మూడు సెకన్లు ఎవడిక్కావాలి? ఏ తల్లి వచ్చి మా గుమ్మంలో కూర్చుని ఏడిస్తే నీ చిరునవ్వు తీసుకెళ్ళి ఆవిడకి చూపించమంటావా? చెప్పు గుమాస్తా! ఉన్నదున్నట్టు చెప్పు!"

చెప్పాను. ఆ నాలుగు రోజుల్లో మొట్టమొదటిసారి తిట్లతో సహా చెప్పాను. చిరునవ్వు దగ్గర కాస్త నా సొంతం కూడా కలిపాను.

అతను ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుని చూశాడు. తర్వాత, "మీరు చెప్పింది నిజమే, ఇది పెద్దవాళ్ళ బట్టలకోసం చేసింది," అన్నాడు మెల్లిగా. మాస్టారు అప్పటికే సూది తీసి అతని బొత్తాం కుడుతున్నారు, తిడుతూనే. కాయితం మీద ఇలా రాశారు: యంత్రం మంచిదే. మా పనికి పనికిరాదు. కింద సంతకం.

యజమాని ఫోనులో మొదట మామీద అరిచారు. చంటిపిల్లల గొంతుల సంగతి చెప్పాక అరుపు ఆగింది. ఆయనకీ ఇంట్లో పది నెలల మనవడున్నాడు. "సరే, బల్ల అలాగే ఉండనీ. వచ్చెయ్యండి," అన్నారు.

తిరుగు విమానంలో నేను మెల్లిగా అడిగాను. "మాస్టారూ, ఒకవేళ ఆ కుట్టు బాగుంటే?"

"సంతకం పెట్టేవాణ్ణి." కిటికీలోంచి మబ్బుల్ని కోపంగా చూశారు. అవి సరిగ్గా కత్తిరించినట్టు లేవు కాబోలు. "పెట్టి, ఆ తొమ్మిదిమంది మొహం చూడలేక నేనూ మానేసేవాణ్ణి. ఇంక నోరు మూసుకుని పడుకో."

ఫ్యాక్టరీకి రాగానే ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. తొమ్మిదిమందీ సూదులు ఆపి చూస్తున్నారు. అడగాల్సిందంతా వాళ్ళ మొహాల మీదే ఉంది.

"ఏమిటి చూపులు? పని లేదా? యంత్రం రావడంలేదు! మిమ్మల్ని భరించడం నా తలరాత!" అని మాస్టారు ఒక రేకు డబ్బా బల్లమీద విసిరారు. మూత ఊడి తొమ్మిది ఇత్తడి వేలిటోపీలు దొర్లాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు పోగు కట్టి ఉంది. "తొడుక్కోండి. మీమీద జాలి కాదు. నెత్తుటి చుక్కలు ఉతికించలేక చస్తున్నాను."

ఒక్కొక్కరే తొడుక్కున్నారు. ఒక్కటీ వదులు కాదు, ఒక్కటీ బిగువు కాదు.

పెద్దక్క తన వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నా వేలి కొలత మీకెలా తెలుసు మాస్టారూ?"

"ఇరవై ఏళ్ళుగా ఆ వేలిని తిడుతున్నాను. ఆ మాత్రం తెలియదా?"

ఆవిడ లేచింది. నేరుగా వచ్చి మాస్టారి కోటు రెండో బొత్తాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. ఒకసారి అటూ ఇటూ తిప్పింది.

"ఇది కుట్టా, మొహమాటమా?"

తొమ్మిదిమందీ ఒక్కసారి నవ్వారు. కిటికీ దగ్గర గోడమీద వెలుగు చేపపిల్లలు చెదిరి మళ్ళీ కూడాయి. మాస్టారు వెనక్కి జరగబోయారు. "కదలకండి, గుచ్చుకుంటే నెత్తురొస్తుంది," అంది పెద్దక్క. ఆయన కదల్లేదు. క్షవరానికి కూర్చోబెట్టిన పిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డారు. కొత్త టోపీ తొడిగిన వేలితో ఆవిడ నాలుగు చిల్లుల్లోంచీ దారం తీసి, బొత్తానికీ గుడ్డకీ మధ్య దారం మెడకి మూడు చుట్లు చుట్టి, వెనక ముడేసి కొరికింది.

మాస్టారు బొత్తాన్ని లాగారు. తిప్పారు. అంచు తిరగేసి వెనక వెతికారు. తప్పు ఒక్కటీ దొరకలేదు. దాంతో ఆయనకి విపరీతమైన కోపం వచ్చింది.

"మూడు చుట్లు ఎందుకు? రెండు చాలవా? దారం ఊరికే వస్తోందా?" అని అరుచుకుంటూ మెట్లు దిగిపోయారు. దిగుతూ దిగుతూ ఆ బొత్తాన్ని ఇంకోసారి తడిమి చూసుకోవడం నేను చూశాను.

మా అమ్మాయి ఎర్ర కోటు వేసుకుని ఆ వీడియో ఇప్పటికీ చూస్తుంది. "బొమ్మలు కనపడవేం నాన్నా?" అని అడగదు. బట్టతల తాతయ్య డప్పు కొడుతున్నాడనుకుంటుంది. మూడు శీతాకాలాల తర్వాత కోటు చేతులు పొట్టివయ్యాయి, మోచేతులు చిరిగాయి. ఆరు బొత్తాలూ అలాగే ఉన్నాయి.

నేను మాత్రం ఆ ఇత్తడి బొమ్మల్ని చూడలేదు. ఇక చూడను కూడా. మాస్టారి మీద ఆ కోపం నాకు పోలేదు, పోనివ్వను. కాకపోతే ఈమధ్య అది కాస్త మొహమాటానికే వేలాడుతోంది.